కరెంటు పెట్టాక కోసిన చోటు మానుతుందా?

ప్రశ్న: డాక్టరు గారూ, మా నాన్నకి 61 ఏళ్లు. షుగరుకి మాత్రలు వాడుతున్నారు, చుట్ట అలవాటుంది. మలద్వారానికి 5 సెంటీమీటర్ల పైన, పెద్దపేగు చివర గడ్డ ఉందని, అది క్యాన్సరేనని తేలింది. ముందు 28 సిట్టింగులు కరెంటు (రేడియేషన్), దాంతోపాటు మాత్రలు, ఆ తర్వాత రెండు నెలలు ఆగి ఆపరేషన్ అన్నారు. పేగు అతికిస్తామని, కొన్నాళ్లు కడుపు మీద మలం పట్టే సంచి ఉంటుందని సర్జన్ చెప్పారు. మా మామయ్యకి (మేనత్త భర్త) కొన్నేళ్ల కిందట ఇలాగే కరెంటు పెట్టి ఆపరేషన్ చేస్తే కింద పుండు ఆరు నెలలు మానలేదు. అందుకని అత్తయ్య "ముందు కోయించెయ్యండే, కరెంటు పెడితే కండ మాడిపోతుంది, కుట్టు నిలవదు" అంటోంది. బాబాయి అయితే "ఆలస్యం అమృతం విషం, రెండు నెలలు ఆగితే గడ్డ ఊరుకుంటుందా" అంటున్నాడు. నాన్నకి ఇవేవీ చెప్పలేదు. చెప్పాలా? ఆపరేషనే ముందు చేయమని అడగమంటారా?
– ఒక కూతురు, నరసరావుపేట

జవాబు:

అమ్మా, మీ అత్తయ్య మాటలో నిజం లేకపోలేదు. రేడియేషన్ తగిలిన కండ మామూలు కండంత చురుగ్గా మానదు. ఏ సర్జన్‌ని అడిగినా ఇదే చెబుతాడు. కానీ మీరు రాసినదాన్ని బట్టి చూస్తే, మీ మామయ్యకి జరిగిన ఆపరేషనూ మీ నాన్నగారికి చేయబోయేదీ ఒకటి కాదు. ముందు అది తేల్చుకుందాం.

గడ్డ మరీ కిందికి ఉండి, మలాన్ని పట్టి ఉంచే కండరంలోకి పాకితే మలద్వారంతో సహా మొత్తం తీసేయాల్సి వస్తుంది. అప్పుడు సంచి జీవితాంతం ఉంటుంది. రెండు పిరుదుల మధ్య లోతైన ఖాళీ మిగులుతుంది. పైన చర్మం కుట్టేసినా లోపల నీరు చేరుతుంది. మనిషి కూర్చున్నప్పుడల్లా బరువంతా అక్కడే పడుతుంది. పైగా అక్కడి చర్మం, కొవ్వు, కండరం అన్నీ రేడియేషన్ తిన్నవే, అవన్నీ ఒంట్లోనే మిగిలిపోతాయి. కుట్టు విడిపోతే లోపలి నుంచి కండ పూడుకుంటూ రావాలి. రోజూ డ్రెస్సింగు, నెలల తరబడి అవస్థ. మీ మామయ్య పడింది ఇదే అయి ఉంటుంది. నెదర్లాండ్స్‌లో 1,861 మందితో చేసిన పెద్ద అధ్యయనం ఒకటుంది. అందులో ఈ రకం ఆపరేషన్ జరిగినవాళ్లలో కింది గాయానికి ఇబ్బందులు కరెంటు పెట్టకపోతే 18 శాతం మందికి, పెడితే 29 శాతం మందికి వచ్చాయి. అందుకే ఇప్పుడు చాలాచోట్ల ప్లాస్టిక్ సర్జన్‌ని పిలిచి, కరెంటు తగలని చోటు నుంచి, అంటే కడుపు మీది కండరమో పిరుదు కండరమో, రక్తనాళంతో సహా తిప్పి తెచ్చి ఆ ఖాళీ నింపుతున్నారు. కొత్త కండ తన రక్తం తాను తెచ్చుకుంటుంది కాబట్టి మానడం సులువవుతుంది.

మీ నాన్నగారి విషయంలో మలద్వారం ఉంచి, పేగు అతికిస్తామన్నారు. అక్కడ మానాల్సింది పిరుదుల మధ్య చర్మం కాదు, లోపలి అతుకు. ఆ అతుక్కి కరెంటు చేసే కీడు మీరు భయపడుతున్నంత ఉండదు. ఎందుకంటే కరెంటు బాగా తగిలిన పేగు ముక్కలో చాలా భాగాన్ని ఆపరేషన్‌లో గడ్డతోపాటే కోసి బయట పడేస్తారు. దాని స్థానంలోకి పైనుంచి, కడుపు ఎడమ పక్కనున్న పెద్దపేగును వదులు చేసి కిందికి దించుతారు. కరెంటు వేసిన చోటికి అది దూరంగా ఉంటుంది కాబట్టి దాని రక్తప్రసారం చెక్కుచెదరదు. అలా తాజా పేగు చివర ఒకటి, మలద్వారం వైపు మిగిలిన, కరెంటు తిన్న మొదలు ఒకటి, ఈ రెండింటినీ కలుపుతారు. రెండు చివరలూ దెబ్బతిన్నవైతే అది వేరే కథ. ఒక చివరైనా ఆరోగ్యంగా ఉంటే మానే అవకాశం బాగా పెరుగుతుంది. ఇందాకటి నెదర్లాండ్స్ అధ్యయనంలోనే అతుకు లీకైనవాళ్లు కరెంటు పెట్టినవాళ్లలో 11 శాతం, పెట్టనివాళ్లలో 12 శాతం. అంటే దాదాపు సమానం. అన్ని అధ్యయనాలూ ఇంత ధైర్యం ఇవ్వలేదు, కొన్నింట్లో కరెంటు పెట్టినవాళ్లకి లీకులు ఎక్కువగానే కనబడ్డాయి. కాబట్టి ప్రమాదమే లేదని నేను చెప్పను. ఉంది, దానికి తగ్గ జాగ్రత్తలూ ఉన్నాయి.

ఇక అత్తయ్య సలహా ప్రకారం ముందు కోయించేసి కరెంటు తర్వాత పెట్టిస్తే ఏమవుతుందో చూడండి. అప్పుడు కరెంటు పడేది కొత్తగా దించిన మంచి పేగు మీదా, ఆ పచ్చి అతుకు మీదా. ఒకప్పుడు అలాగే చేసేవాళ్లు. జర్మనీలో 823 మందిని రెండు జట్లుగా విడదీసి, ఒకరికి ముందు, ఒకరికి తర్వాత కరెంటు ఇచ్చి చూశారు. ఆ ఫలితాలు 2004లో వచ్చాయి. లీకులు రెండు జట్లలోనూ ఇంచుమించు అంతే. కానీ అతుకు దగ్గర పేగు సన్నబడి మలానికి దారి ఇరుకైపోవడం ముందు పెట్టినవాళ్లలో 4 శాతం, తర్వాత పెట్టినవాళ్లలో 12 శాతం. అయిదేళ్లలో అదే చోట గడ్డ మళ్లీ రావడం ముందు పెట్టిన జట్టులో 6 శాతం, తర్వాత పెట్టిన జట్టులో 13 శాతం. అప్పటి నుంచి ప్రపంచమంతా కరెంటును ఆపరేషన్‌కి ముందుకి జరిపింది. మీ డాక్టర్లు అదే దారిలో వెళ్తున్నారు. మానడం గురించే మీ బెంగ అయితే, క్రమం తిరగేయమని అడగడం మీ నాన్నగారికి మేలు చేయదు.

అడగాల్సిన ప్రశ్న వేరే ఒకటుంది. అసలు ఆయనకి కరెంటు అవసరమేనా? పెద్దపేగు చివరి భాగం, మేం పురీషనాళం అంటాం, అక్కడి గడ్డలన్నిటికీ ఇది అక్కర్లేదు. ఎమ్మారై స్కాన్‌లో గడ్డ పేగు గోడ దాటిందా, పక్కన గ్రంథులు ఉబ్బాయా, కోసేటప్పుడు అంచు శుభ్రంగా వస్తుందా అన్నవి చూసి తేలుస్తారు. గడ్డ గోడలోనే ఆగిపోయి, గ్రంథులు బాగుంటే నేరుగా ఆపరేషన్‌కి వెళ్లొచ్చు. కాస్త పైనున్న గడ్డలకి కొందరిలో ముందు కీమో మాత్రమే ఇచ్చి, గడ్డ సరిగా తగ్గనివాళ్లకే కరెంటు పెట్టినా సరిపోతుందని 2023లో ఒక అమెరికా అధ్యయనం చూపించింది. 5 సెంటీమీటర్ల దగ్గర, అతుకు పెట్టాలంటే గడ్డ కుంచించుకోవాల్సిన చోట, కరెంటు అన్నారంటే కారణం ఉండే ఉంటుంది. అయినా ఎమ్మారై రిపోర్టు చేతిలో పట్టుకుని "ఈయనకి కరెంటు ఎందుకు?" అని ఒకసారి అడగండి. నిమిషంలో చెప్పగలిగే సంగతి అది. చెప్పకుండా విసుక్కుంటే మరో డాక్టరుకి చూపించడంలో తప్పు లేదు.

ఇప్పుడు బాబాయి గారి అమృతం, విషం సంగతి. ఆ రెండు నెలలు ఊరికే పోయే రోజులు కావు. కరెంటు దెబ్బ తిన్న క్యాన్సర్ కణాలు అప్పటికప్పుడు చావవు. చివరి సిట్టింగు అయ్యాక కూడా వారాల తరబడి చస్తూనే ఉంటాయి, గడ్డ కరుగుతూనే ఉంటుంది. మరోవైపు మంచి కండలో జరిగేది రెండు దశలుగా నడుస్తుంది. మొదటి వారాల్లో వాపు: సన్న రక్తనాళాల లోపలి పొర ఉబ్బి ఉంటుంది, ముట్టుకుంటే నెత్తురు కారేలా కండ ఒరిసిపోయి ఉంటుంది. అప్పుడు కుట్టు వేస్తే పట్టు దొరకదు. కొన్ని వారాలకి ఆ వాపు తీస్తుంది. ఆ తర్వాత నెలలు గడిచేకొద్దీ సన్న నాళాలు ఒక్కొక్కటే మూసుకుపోతూ, కండ తోలులా గట్టిపడుతుంది. పిల్లకాలువలు పూడిపోయిన పొలానికి నీరు ఎలా అందదో, ఆ కండకి రక్తం అలా అందదు. గాయం మానాలంటే అక్కడికి ఆక్సిజన్ చేరాలి, కొత్త కండ అల్లే కణాలు పనిచేయాలి. ఆ దశలో రెండూ మందగిస్తాయి. సర్జన్ వెతుక్కునేది వాపు తీసి, గట్టిపడటం ఇంకా ముదరని ఆ మధ్య కాలాన్ని.

మీ నాన్నగారికి ఇస్తున్నది నెమ్మది పద్ధతి. 28 సిట్టింగుల్లో 50 గ్రే చిల్లర (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత). దీని తర్వాత మామూలుగా 6 నుంచి 12 వారాల మధ్య ఆపరేషన్ చేస్తారు. ఎక్కువ ఆగితే ఇంకా మంచిదనుకోవడానికి లేదు. ఫ్రాన్సులో 7 వారాలకి కోసినవాళ్లనీ 11 వారాలకి కోసినవాళ్లనీ పోల్చారు. 11 వారాలు ఆగినందువల్ల గడ్డ పూర్తిగా మాయమైనవాళ్లు పెరగలేదు, ఆపరేషన్ తర్వాతి ఇబ్బందులు మాత్రం 32 శాతం నుంచి 44.5 శాతానికి పెరిగాయి. అయిదు రోజుల్లో ముగించే పొట్టి పద్ధతి కూడా ఒకటుంది, రోజుకి 5 గ్రే చొప్పున. దాని తర్వాత వారంలోపే కోసినవాళ్లకి ఇబ్బందులు 53 శాతం, 4 నుంచి 8 వారాలు ఆగినవాళ్లకి 41 శాతం అని స్వీడన్‌లో తేలింది. తొందరపడినా తప్పే, సాగదీసినా తప్పే. రెండు నెలలన్నది సరిగ్గా ఆ మధ్యలో పడింది. మీరు చేయాల్సిందల్లా పండగనో, పెళ్లనో, డబ్బు సర్దుబాటనో ఆ తేదీ జారిపోకుండా చూసుకోవడం. వైద్యసేవ కార్డు మీద చేయిస్తున్నట్టయితే ఆపరేషన్ అనుమతి సంగతి ఆరోగ్యమిత్రని చివరి సిట్టింగు నాటికే అడిగి పెట్టుకోండి. మధ్యలో కీమో కూడా ఇస్తామంటే గడువు నెలల్లోకి వెళ్తుంది. అది వాళ్లు లెక్క వేసుకుని చేసే పద్ధతే, కంగారు పడకండి. ఆపరేషన్‌కి ముందు మళ్లీ స్కాన్ తీస్తారు. ఒక్కొక్కరిలో గడ్డ ఆనవాలే లేకుండా పోతుంది. అలాంటివాళ్లకి కోయకుండా గట్టి నిఘాలో పెట్టే పద్ధతి కూడా ఉంది. ముందే దాని మీద ఆశ పెంచుకోకండి గానీ, స్కాన్ వచ్చాక అడగండి.

సంచి గురించి మీరు ఏమీ అడగలేదు కానీ చెప్పాలి. అతుకు మానే ముందే దాని మీదుగా మలం పోకుండా చిన్నపేగుని కడుపు మీదికి తెచ్చి దారి మళ్లిస్తారు. స్వీడన్‌లోనే 234 మంది మీద చూశారు: సంచి పెట్టినవాళ్లలో బయటపడిన లీకులు 10.3 శాతం, పెట్టనివాళ్లలో 28 శాతం. కరెంటు తిన్న అతుక్కి ఇంతకంటే మంచి కాపలా లేదు. నాన్నగారు "సంచి వద్దు" అని మొండికేస్తే ఈ అంకెలు చెప్పండి. సంచిలోకి నీళ్లలాగా ఎక్కువ పోతుంటే ఉత్త మంచినీళ్లు తాగించకుండా ఓఆర్‌ఎస్ ఇచ్చి, ఆసుపత్రికి ఫోన్ చేయండి. ఒంట్లో నీరు తగ్గి కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లున్నారు. సాధారణంగా రెండు మూడు నెలల తర్వాత, కీమో ఉంటే అదయ్యాక, వెనక నుంచి రంగు మందు ఎక్కించి ఎక్స్‌రే తీసి, అతుకు అతికిందని తేలాకే సంచి తీస్తారు. సంచి తీయించడానికి మాత్రం తొందరపెట్టకండి.

ఇక మీ చేతిలో ఉన్నవి. సిట్టింగులకి అయిదున్నర వారాలు, ఆగే రెండు నెలలు కలిపితే మూడు నెలల పైచిలుకు. సర్జన్లకి మామూలుగా ఇంత సమయం దొరకదు.

చుట్ట మొదటిది. తగ్గించడం కాదు, మానేయడం. పొగాకు సన్న రక్తనాళాలని బిగిస్తుంది, కరెంటు చేసేదీ అవే నాళాలకి కీడు. రెండూ కలిస్తే అతుక్కి రక్తం ఏ దారిన వెళ్లాలి? ఆపరేషన్‌కి కనీసం నాలుగు వారాల ముందు మానాలంటారు. నేనైతే మొదటి సిట్టింగు రోజునే మానమంటాను. నికోటిన్ బిళ్లల గురించి డాక్టరుని అడగండి. చుట్ట బదులు ఖైనీ, జర్దా అంటే కుదరదు.

షుగరు రెండోది. మూడు నెలల సగటు పరీక్ష, హెచ్‌బీఏ1సీ, ఇప్పుడే చేయించండి. ఎక్కువుంటే మాత్రలతో సరిపెట్టకుండా ఇన్సులిన్‌కి మారడానికి ఇదే అదను. గడ్డ నుంచి రక్తం పోతుంటుంది కాబట్టి హిమోగ్లోబిన్ కూడా చూడమనండి. తక్కువైతే ఐరన్ సెలైన్‌లో ఎక్కించవచ్చు.

తిండి దగ్గర మన ఇళ్లలో అసలు గొడవ. ఆపరేషన్ అనగానే పథ్యం మొదలవుతుంది. పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు వేడి, పెరుగు నెమ్ము, చేప వద్దు. చివరికి చారన్నం, బ్రెడ్డు ముక్క, పాలు కలిపిన టీ మిగులుతాయి. కోసిన చోట కొత్త కండ అల్లుకోవడానికి మాంసకృత్తులు కావాలి, పథ్యం పేరుతో వాటినే ఆపేస్తాం. పప్పుకీ చీముకీ ఏ సంబంధమూ లేదు. ఆయన బరువు 60 కిలోలైతే రోజుకి 70 నుంచి 90 గ్రాముల మాంసకృత్తులు అందాలి, కిడ్నీలు బాగుంటేనే సుమా. గుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలలో 6 లేదా 7, వంద గ్రాముల కోడి కూరలోనో చేపలోనో 20 పైన ఉంటాయి. పొద్దున రెండు గుడ్లు, మధ్యాహ్నం పప్పూ పెరుగూ, రాత్రికి చేపో పనీరో, మధ్యలో పాలు. ఇలా లెక్కేసి పెట్టండి. బరువు వారానికోసారి రాసుకోండి, తగ్గుతుంటే డైటీషియన్‌కి చూపించండి. మీ అత్తయ్య ఊరి నుంచి వచ్చి వంటింట్లో పథ్యం పెట్టకముందే ఈ సంగతి చెప్పెయ్యండి.

సిట్టింగులు సాగేకొద్దీ, మూడో వారం నుంచి విరేచనాలు, మలద్వారం దగ్గర మంట మొదలవ్వొచ్చు. ఆ రోజుల్లో ఆకుకూరలు, పచ్చి కూరలు, ఆవకాయ, మసాలా పక్కన పెట్టి, మెత్తటి అన్నం, పల్చటి మజ్జిగ, గుడ్డు, అరటిపండు, పలచగా ఉడికించిన పెసరపప్పు పెట్టండి. విరేచనాలు రోజుకి నాలుగైదుసార్లు దాటితే మాత్ర కోసం డాక్టరుకి చెప్పాలి. కీమో మాత్ర అన్నం తిన్న అరగంటలోపు వేసుకోవాలి. అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి మంటపుడితే దాచుకోకుండా చెప్పాలి. కాలిన చర్మానికి పసుపు, కొబ్బరినూనె, పౌడరు రాయకండి. సిట్టింగుకి ముందు నీళ్లు తాగించి మూత్రాన్ని ఆపుకోమంటారు. మూత్రాశయం నిండి ఉంటే చిన్నపేగు పైకి జరుగుతుంది, కరెంటు తక్కువ తగులుతుంది. పెద్దవాళ్లు విసుక్కుని ముందే వెళ్లొచ్చేస్తారు. మీరు పక్కనే ఉండి చూసుకోండి. నడుం మీద వేసిన గుర్తులు రుద్ది కడగకూడదు.

ఆపరేషన్ అయ్యాక మొదటి పది రోజుల్లో జ్వరం, కడుపు ఉబ్బరం, గుండె దడ, కింద నుంచి చీము, ఇంటికి వచ్చాక కూడా తోక ఎముక దగ్గర తగ్గని నొప్పి – వీటిలో ఏది కనిపించినా అతుకు గురించి అనుమానపడాలి. రాత్రయినా సరే ఆసుపత్రికే వెళ్లండి. ఊళ్లో ఇంజెక్షన్ చేయించి తెల్లారేదాకా చూడకండి.

ఒక మాట దాచలేను. గాయం మానినా పేగు మునుపటిలా ఉండదు. సంచి తీశాక రోజుకి చాలాసార్లు దొడ్డికి వెళ్లడం, ఆపుకోలేకపోవడం కొన్ని నెలలు, ఒక్కోసారి ఏళ్లు ఉంటాయి. కరెంటు పెట్టినవాళ్లలో ఇది ఎక్కువ. మగవాళ్లలో లైంగిక శక్తి తగ్గడమూ ఉంది. మీరు కూతురు కాబట్టి ఆ సంగతి సర్జనే ఆయనతో విడిగా మాట్లాడాలి, అడిగించండి. నెదర్లాండ్స్ లెక్కలో రెండేళ్లకి అదే చోట గడ్డ తిరిగి రావడం కరెంటు లేకుండా 8.2 శాతం, కరెంటుతో 2.4 శాతం. ఈ ఇబ్బందుల్ని దానితో తూచుకోవాలి. ఇంకా ఎన్నేళ్లయినా, నడుం కింద ఏ ఆపరేషన్‌కి వెళ్లినా అక్కడ కరెంటు పెట్టారని ఆ డాక్టరుకి చెప్పాలి. రేడియేషన్ కాగితాలు ఫైల్లో జాగ్రత్తగా పెట్టుకోండి.

నాన్నకి చెప్పాలా అని అడిగారు. చెప్పండి. చుట్ట మానాల్సింది ఆయన, మూత్రం ఆపుకోవాల్సింది ఆయన, సంచితో బతకాల్సింది ఆయన. ఏదీ తెలియకుండా ఇవన్నీ ఎవరి కోసం చేస్తారు? మామయ్య పుండు సంగతీ దాచకండి. అది వేరే ఆపరేషనని, ఆయనకి చేసేది వేరని సర్జన్ చేతే, ఆయన ఎదుటే, బొమ్మ గీయించి చెప్పించండి. వీలైతే అత్తయ్యనీ ఆ రోజు వెంట తీసుకెళ్లండి.